మా చెల్లెలు ఏమీ చేయలేదు

హ్రోద్నా,
ఫిబ్రవరి 12, 2023

స్తేఫా,

ముందు సంచిలోంచి జున్నుగడ్డ తీసి కిటికీ బయట చల్లగా పెట్టు, ఆ తర్వాత తీరిగ్గా చదువు. ఉత్తరం మేజోట్లో దొరికింది కదా, ఇక మీదట కూడా అక్కడే వెతుక్కో. విల్నియస్ బస్సు నడిపే కాజిక్ మంచివాడు, పదిహేను రోజులకోసారి సంచి అందిస్తానన్నాడు. ఫోన్‌లో మాత్రం ఎండా వానా తప్ప ఏమీ మాట్లాడకు. కింది ఫ్లాట్ ఆవిడ ఫోన్ పోలీసులు తీసుకుని, మనవడి ఫొటోలతో సహా అన్నీ చూసి తిరిగిచ్చారట.

నువ్వు చెప్పా పెట్టకుండా వెళ్లిపోయావన్న కోపం నాకు ఇంకా తగ్గలేదు. తోట ఇంట్లో కట్టెలు కొడుతున్నావనుకుంటే దేశం దాటేశావు. అదే రోజు పోలీసులు నీ ఫ్లాట్ మీదికి వచ్చారు. తాళం చెవి నా దగ్గరుంది కాబట్టి నేనే తలుపు తీశాను. నీ పాటల కాగితాలు, కంప్యూటర్ పట్టుకెళ్లారు. అమ్మ కుట్టిన ఎర్రపువ్వుల తెల్ల తువ్వాలు కూడా సంచిలో వేసుకున్నారు.

“అది మా అమ్మ చేతి పనండీ, మా పెళ్లిళ్లలో రొట్టె దాని మీదే పెట్టాం” అన్నాను.

“రంగులు చూడమ్మా, ఎరుపూ తెలుపూ. నిషేధించిన జెండా రంగులు” అన్నాడు వాళ్లలో ఒకడు.

మరి బీట్‌రూట్ సూప్‌లో మీగడ వేసుకున్నా పట్టుకెళ్తారా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. మింగడం మన ఇంటి విద్యే కదా, నీకొక్కదానికే అబ్బలేదు.

ఇవన్నీ వద్దని ఆ ఎన్నికల ఏడాదే నీకు చెప్పాను. ఓట్లు దొంగిలించారంటూ ఊరంతా వీధుల్లో ఉన్నప్పుడు నువ్వు మన బిల్డింగుల మధ్య ఆవరణలో రోజూ సాయంత్రం ఆడా మగా అందరినీ నిలబెట్టి పాటలు పాడించావు. చివర్లో అమ్మ లాలిపాట కూడాను! జెండాలు పట్టుకున్న వాళ్ల మధ్య లాలిపాట ఏమిటే? నేను కిటికీ వేసుకుని టీవీ పెద్దగా పెట్టుకున్నాను. మంచి పనే చేశాను. ఆ వీడియోలు ఇప్పుడు తీసి చూసి, ముఖాలు గుర్తుపట్టి, పాడినవాళ్లని ఒక్కొక్కరినీ పట్టుకెళ్తున్నారు. సంగీతం బడి నుంచి నిన్ను తీసేసినప్పుడైనా నీకు బుద్ధి రావాల్సింది.

అక్కడి ప్రభుత్వాన్ని ఆశ్రయం అడిగావని కాజిక్ చెప్పాడు. మన వంశంలో ఎవరూ ఇంకొకరి గుమ్మం ముందు నిలబడి అడగలేదు, తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంది. సరే, అడిగావు. ఆఫీసర్ ముందు కూర్చున్నప్పుడు అమ్మ నేర్పింది మర్చిపోకు. నేనేం చేయలేదు, నేనేం చూడలేదు, నాకేం తెలీదు. అమ్మా నాన్నా నేనూ ఈ మూడు ముక్కలతోనే ఇంతకాలం నెట్టుకొచ్చాం. ఏ దేశం ఆఫీసరైనా ఆఫీసరే.

మన వీధి పోలీసు ఇన్‌స్పెక్టర్ సావిచ్ మొన్న మళ్లీ వచ్చాడు. ఒక్కడే వచ్చాడు, బూట్లు గుమ్మం దగ్గరే విప్పాడు. బంగాళదుంప అట్లు పెడితే తిని, మీగడ ఇంకొంచెం అడిగాడు. “మీ చెల్లెలు మంచి మనిషండీ, తిరిగొస్తే ఎవరూ ఏమీ అనరు” అన్నాడు. అందరూ ఒకలా ఉండరు స్తేఫా.

నీ పిల్లి బుల్బా నా మంచం ఆక్రమించుకుంది. నీ మీద బెంగేమీ ఉన్నట్టు లేదు.

అక్క,
యాద్విగా

*

విల్నియస్,
మార్చి 5

అక్కా,

జున్ను అయిపోయింది. కిటికీ బయట పెట్టే అవసరమే రాలేదు, ఉత్తరం చదువుతూ చదువుతూ సగం తినేశాను.

నా ఇంటర్వ్యూ అయింది. నువ్వెలా జరుగుతుందనుకున్నావో అలా లేదు. చిన్న గది, బల్ల మీద నీళ్ల జగ్గు, పక్కన బిస్కెట్లు. ఆఫీసర్ పేరు జివిలే, నా మొదటి బ్యాచ్ పిల్లల వయసుంటుంది. రష్యన్ చక్కగా మాట్లాడుతుంది. తలుపుకి గడియ కూడా పెట్టలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది, ఇదేదో ఎత్తు అయివుంటుందని బిస్కెట్ ముట్టుకోలేదు.

“మీరేం చేశారని అక్కడ మీ కోసం వెతుకుతున్నారు?” అని అడిగింది.

“నేనేం చేయలేదండీ” అన్నాను.

“మీ ఆవరణలో పాటలు పాడించానని దరఖాస్తులో రాశారు కదా?”

“అందరూ పాడారండీ. నేను పక్కన నిలబడ్డానంతే.”

“అక్కడ ప్రభుత్వం గురించి మీ అభిప్రాయం ఏమిటి?”

“నాకు రాజకీయాలు తెలీవండీ. సంగీతం టీచర్ని.”

ఆవిడ రాయడం ఆపి నావైపు చూసింది. గ్లాసులో నీళ్లు పోసి ముందుకు జరిపి, అదే ప్రశ్న ఇంకోలా అడిగింది. నేను అదే జవాబు ఇంకోలా చెప్పాను. ఎన్నిసార్లు తిప్పి అడిగినా దొరకలేదు నేను. బయటికొచ్చాక నీ మాట నిలబెట్టానని ఎంత గర్వపడ్డానో తెలుసా, అమ్మ చూసుంటే నెత్తి మీద ముద్దు పెట్టేది.

ఆ గర్వం లాయర్ దగ్గరికి వెళ్లేదాకానే. ఉచితంగా కేసులు చూసే కుర్రాడు, అదోమాస్ అని. నేను చెప్పిందంతా విని నుదురు కొట్టుకున్నాడు. “మేడమ్, మీరు బుద్ధిమంతులని ఎవరైనా అడిగారా? బుద్ధిమంతులైతే ఇంటికి వెళ్లమంటారు!” అని అరిచాడు. నేను ఏం చెప్పాలో నాకు తెలుసక్కా, కానీ ఆఫీసర్ ముందు కూర్చోగానే నా నోరు నా మాట వినలేదు. ఎప్పుడో చిన్నప్పుడు నేర్చుకున్న స్వరంలా దానంతటదే పలికేసింది.

ఇంకా ఏదైనా ఆధారం ఉంటే ఇవ్వమన్నారు. సంచి దారిలో ఎవరైనా తెరిస్తే నీకు ప్రమాదం, అందుకని విడమరిచి రాయడం లేదు. బడి నుంచి నా గురించి, ఉన్నది ఉన్నట్టు, ఒక కాగితం దొరుకుతుందేమో చూడు. నీకు అర్థమవుతుంది. నువ్వు పోస్టాఫీసు కౌంటర్‌లో ముసలైపోయిన మనిషివి, కాగితాల సంగతి నీకు చెప్పాలా?

బుల్బాకి బెంగ లేదంటే నేను నమ్మను. అది లోపల దాచుకుంటుంది, నీ పోలికే.

నీ స్తేఫా

*

హ్రోద్నా,
ఏప్రిల్ 14

స్తేఫా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నీ అక్క ఏం సాధించిందో చదివితే నిలబడలేవు.

కాగితం అడిగావు కదా. దాని కోసం మార్చి చివరి వారమంతా తిరిగాను. బడి డైరెక్టర్ మొదట నన్ను లోపలికే రానివ్వలేదు. ఆయన భార్యకి తేనె కేక్ చేసి పట్టుకెళ్లాను, ఎనిమిది పొరలు వేశాను. ఆవిడ మెత్తబడింది, ఆయన మాత్రం గడగడా వణికాడు. “తీసేసిన మనిషికి కాండక్ట్ సర్టిఫికెట్ ఇస్తే నా ఉద్యోగం పోతుంది” అన్నాడు. ఇక ఆశ వదులుకుని ఇంటికొస్తుంటే దారిలో ఎవరు కనపడ్డారనుకున్నావ్? సావిచ్! సంగతి చెప్పగానే “ఇంతేనా? రేపు వెళ్లండి, నేను చెప్తాను” అన్నాడు. మర్నాడు వెళ్లేసరికి డైరెక్టర్ నాకు కుర్చీ వేశాడు.

ఎంత బాగా రాశాడనుకున్నావు! “క్రమశిక్షణ గల ఉపాధ్యాయురాలు, నైతికంగా స్థిరమైన వ్యక్తి, రాజకీయాలతో ఎలాంటి సంబంధం లేదు, ఎలాంటి అనధికార సభల్లోనూ పాల్గొనలేదు, ఈమెపై ప్రభుత్వానికి గానీ సంస్థకు గానీ ఫిర్యాదులు లేవు.” గుండ్రటి ముద్ర, మూల ముద్ర, రెండూ వేశారు. హౌసింగ్ కమిటీ ఆవిడ చేత కూడా సంతకం పెట్టించాను. చదువుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. నా చెల్లెలి గురించి ఇంత మంచి మాట వినడానికి ఇన్నేళ్లు పట్టింది.

నీకు పంపితే నువ్వు ఎక్కడో పారేస్తావని తెలుసు. అందుకే అసలు ప్రతిని నేరుగా ఆ ఆఫీసుకే, ఆ జివిలే గారి పేరున, రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఉపాధ్యాయ దినోత్సవం రోజు నువ్వు బహుమతి తీసుకుంటున్న ఫొటో కూడా పెట్టాను, నీలం గౌను వేసుకున్నది. పైన ఒక చిన్న ఉత్తరం: “అమ్మా, మా చెల్లెలు ఏమీ చేయలేదు. చాలా మంచిది. దయచూడండి.” అందినట్టు రసీదు కూడా వచ్చింది.

ఇప్పుడు చెప్పు, లాయర్ గొప్పా, నేను గొప్పా?

అక్క,
యాద్విగా

*

విల్నియస్,
ఏప్రిల్ 30

అక్కా,

నా కొంప ముంచావు.

కోపంతో రాస్తున్నాను, కాజిక్ బస్సు వెళ్లేలోపు చల్లబడితే ఇది చించేస్తాను. చల్లబడలేదు కాబట్టే నీ చేతికి వచ్చింది.

జివిలే గారు నన్ను మళ్లీ పిలిచింది. బల్ల మీద నీ కవరు ఉంది. దూరం నుంచే నీ చేతిరాత గుర్తుపట్టి సంతోషపడ్డాను, అంత పిచ్చిదాన్ని. ఆవిడ ఒక్కొక్క మాట నెమ్మదిగా చదివింది. రాజకీయాలతో సంబంధం లేదు. సభల్లో పాల్గొనలేదు. ఫిర్యాదులు లేవు. “మీరు మొదటిసారి చెప్పిందీ ఇదే. మీ అక్కగారూ ఇదే అంటున్నారు. మరి మీకు అక్కడ ప్రమాదం ఏమిటి?” అని అడిగింది. జూలై మొదటివారంలో ఇంకో ఇంటర్వ్యూ పెట్టింది, దాని తర్వాత నిర్ణయం.

ఇక దాపరికం దేనికి, ఎవరు తెరిచినా తెరవనీ, విడమరిచి రాస్తున్నాను. ఇక్కడ నేను మంచిదాన్నా చెడ్డదాన్నా అని ఎవరూ చూడరు. తిరిగి వెళ్తే నా అభిప్రాయాల కోసం, నేను చేసిన పని కోసం నన్ను జైల్లో పెడతారా, ఆ భయానికి ఆధారం ఉందా, అదొక్కటే చూస్తారు. నన్ను బడి నుంచి పాటల కోసమే తీసేశారని కాగితం కావాలి. నా కోసం వెతుకుతున్నారని కాగితం కావాలి. నువ్వు పంపింది నా మెడకి తాడు, అదీ రిజిస్టర్డ్ పోస్టులో, రెండు ముద్రలతో, ఫొటోతో! వద్దంటే నన్ను వెనక్కి పంపిస్తారు. సరిహద్దులో నీ సావిచ్ మీగడ గిన్నె పట్టుకుని నిలబడతాడు.

ఎప్పుడూ అంతే నువ్వు. నా ముందు నడుస్తావు, నన్ను అడగవు. చిన్నప్పుడు నా జడ కూడా నీకు నచ్చినట్టే వేసేదానివి.

స్తేఫా

*

హ్రోద్నా,
మే 19

స్తెఫానియా గారికి,

మీ ఉత్తరం అందింది. చదివాను. మందుబిళ్ల వేసుకుని మళ్లీ చదివాను.

నాకు తెలియక అడుగుతాను, మనిషి మంచిదని చెప్పడం ఏ దేశంలో తప్పు? నేను మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి దిగి, కేకులు మోసుకెళ్లి, ముక్కూ ముఖం తెలియని వాళ్లని బతిమాలి తెచ్చిన కాగితం అది. మనవైపు ఆఫీసుకి ఇంకెలా వెళ్తారు, నేను దొంగనండీ అని చెప్పుకుంటూ వెళ్తారా? నువ్వు “ఉన్నది ఉన్నట్టు” అన్నావు, నేను ఉన్నది ఉన్నట్టే తెచ్చాను. నువ్వు మంచిదానివి కాదా? ఇప్పుడు రాసిన ఉత్తరం చూస్తే ఆ సంగతి ఆలోచించాల్సిందే అనుకో.

జడ సంగతి కూడా తెచ్చావు. నీ జుట్టు గడ్డిమోపులా ఉండేది, ఇంకెవరూ ముట్టుకునేవాళ్లు కాదు.

సావిచ్ గురించి అలా రాయాల్సింది కాదు. ఆయన నీకొక్కదానికే కాదు, మూడో అంతస్తు లూత్సినా కొడుకు ఆర్సెన్‌కి కూడా ఇలాంటి కాగితమే ఇప్పించాడు. గుర్తున్నాడుగా, నీ పాటల గుంపులో వెనక నిలబడి మంద్రంలో పాడేవాడు, గొంతు బావిలోంచి వచ్చినట్టుండేది. పోలండ్‌లో గోడలకి సున్నాలు వేస్తూ నానా అవస్థా పడుతున్నాడట. “ఫిర్యాదులు లేవు, నిశ్చింతగా రమ్మనండి” అని సావిచ్ లూత్సినాకి మాటిచ్చాడు. ఆదివారం బస్సుకి వస్తున్నాడు. ఆ పిచ్చితల్లి మూడు రోజుల్నుంచి మాంసం కుడుములు చేస్తూనే ఉంది. ఆవిడతో పాటు నేనూ బస్టాండుకి వెళ్తున్నాను. ఎవరు మూర్ఖులో ఆదివారం తెలుస్తుంది.

ఇట్లు,
నీ కొంప ముంచినది

*

హ్రోద్నా,
మే 22

స్తేఫా, నా తల్లీ,

నీ జవాబు కోసం ఆగలేదు. కాజిక్ రేపు బయల్దేరుతున్నాడు, పదిహేను రోజులు ఆగకుండా ఇది తీసుకెళ్లమని బతిమాలాను.

ఆర్సెన్ నిన్న వచ్చాడు. బస్సు దిగాడు, చిక్కిపోయాడు, భుజాన సంచి. లూత్సినా కుడుముల గిన్నెకి శాలువా చుట్టి, చల్లారిపోకుండా గుండెలకి హత్తుకుని నిలబడింది. కొడుకుని చూడగానే పరిగెత్తింది. ఆవిడ దగ్గరికి చేరేలోపే ఇద్దరు మనుషులు వాడి చేతులు పట్టుకున్నారు. వాడు అరవలేదు. జేబులోంచి ఆ కాగితం తీసి చూపించాడు, గుండ్రటి ముద్రతో సహా. వాళ్లలో ఒకడు అది తీసుకుని మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. అంతే, బండి ఎక్కించారు. లూత్సినా గిన్నె పట్టుకుని “తిననివ్వండయ్యా, ఒక్కటి తిననివ్వండి” అంటూ బండి వెనక వెళ్లింది.

సావిచ్ టికెట్ కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నాడు, మామూలు బట్టల్లో. నన్ను చూసి టోపీ ఎత్తి పలకరించాడు.

“మీ చెల్లెలు ఎప్పుడొస్తుందండీ?” అన్నాడు, నవ్వుతూ.

నేను వీడికి అట్లు పోసి పెట్టాను స్తేఫా. మీగడ రెండోసారి వడ్డించాను.

రావద్దు. ఎవరు ఏ కాగితం చూపించినా రావద్దు, నేను చచ్చిపోయానని కబురొచ్చినా రావద్దు. నీ లాయర్ కుర్రాడిని అడుగు, ఆ ఆఫీసర్ నా మాట వింటుందేమో. ఆ కాగితం ఎలా వచ్చిందో, ఎవరు ఇప్పించారో, నేను కళ్లారా చూసింది ఏమిటో చెప్తాను. నా పోలండ్ వీసా ఇంకా చెల్లుతుంది, దాంతో విల్నియస్‌కీ రావచ్చు. ఎవరైనా అడిగితే కంటి డాక్టర్ దగ్గరికని చెప్తాను. అబద్ధమేం కాదు, ఇన్నాళ్లకి కళ్లు కనిపిస్తున్నాయి.

తేదీ చెప్పు చాలు, నేను వస్తాను.

నీ అక్క

*

విల్నియస్,
ఆగస్టు 2

అక్కా! అక్కా! అక్కా!

ఇచ్చారు! ఆశ్రయం ఇచ్చారు! నిన్న జవాబు వచ్చింది. చదువుకున్నాను, అదోమాస్ చేత చదివించుకున్నాను, కింద రొట్టెల కొట్టు ఆవిడకి కూడా చూపించాను, ఆవిడకి సంగతేమిటో తెలియకపోయినా నన్ను కావలించుకుంది. ఇక నన్ను ఎవరూ వెనక్కి పంపలేరు. నేను ఇక్కడ ఉండొచ్చు, పనిచేసుకోవచ్చు, కిటికీ తెరుచుకుని పాడుకోవచ్చు. అక్కా, మనం గెలిచాం.

జూలైలో ఇంటర్వ్యూకి నువ్వొచ్చిన రోజు నీతో నాలుగు మాటలు మాట్లాడనే లేదు. నువ్వు బయటికొచ్చేసరికి నన్ను లోపలికి పిలిచారు, నేను బయటికొచ్చేసరికి నీ బస్సు టైమయింది. లోపల ఏం చెప్పావని అడిగితే “కాళ్లు కదుపు, బస్సు పోతుంది” అన్నావు. ఇప్పుడు వాళ్ల జవాబులో నీ మాటలన్నీ రాతలో చదివాను. నువ్వు చెప్పింది ఆ గది దాటి అక్కడికి పోదు, అది వీళ్ల నియమం, భయపడకు. “ఈ కాగితం నేనే తెప్పించాను, ఇందులో ఉన్నదంతా అబద్ధం, మా చెల్లెలు అన్నీ చేసింది” అన్నావట. అన్నీ! అమ్మా తల్లీ, బ్యాంకు దోపిడీ కూడా కలిపేశావేమో అనుకున్నాను. ఊరగాయ పుట్టగొడుగుల సీసా కూడా ఇవ్వబోయావట. లంచం కాదు, ఊరగాయ అని వాదించావట. జివిలే గారు తీసుకోలేదు కానీ ఆ సంగతి నాతో చెప్తున్నప్పుడు నవ్వు ఆపుకోలేకపోయింది.

నువ్వు బయటికొచ్చాక నాతో ఏమందో తెలుసా? “మీ అక్కగారు రాకముందు నుంచే ఈ కాగితం నన్ను తినేస్తోంది. ఫిర్యాదు లేని మనిషికి ఫిర్యాదు లేదని రెండు ముద్రలేసి మరీ ఎందుకు రాసిస్తారు? ఇప్పుడు అర్థమైంది. కానీ నాకు మీ అక్కగారి మాట ఒక్కటే చాలదు. మీరు చెప్పాలి. మీరేం చేశారు?”

అక్కా, నేనేం చేయలేదండీ అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. ఒట్టు. పళ్లు బిగించాను. గ్లాసెడు నీళ్లు తాగాను. బిస్కెట్ కూడా తిన్నాను. అప్పుడు చెప్పాను.

“చేశాను. నేనే చేశాను. మొదటి రోజు నేనొక్కదాన్నే కిందికి దిగి పాడాను. తర్వాత తలుపు తలుపూ తట్టి పిలిచాను. ఎవరెక్కడ నిలబడాలో, ఎవరు ఏ స్వరం పాడాలో నేర్పాను. ఎన్నికల్లో మమ్మల్ని మోసం చేశారు, అడిగినవాళ్లని కొట్టారు, అందుకే పాడించాను. ఎవరో నన్ను మధ్యలోకి నెట్టారని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. ఎవరూ నెట్టలేదు.”

ఆవిడ తలెత్తకుండా రాస్తూనే ఉంది. చివర్లో ఒకటి అడిగింది. “తిరిగి వెళ్లాల్సి వస్తే, నోరు మూసుకుని బతకగలరా?”

అదోమాస్ ఆ ప్రశ్నకి జవాబు నేర్పలేదు. నిజం చెప్పాలంటే మొదటి ఇంటర్వ్యూలో అడిగి ఉంటే ఎంతో వినయంగా ఉంటానండీ అనేదాన్ని. ఈసారి ఆర్సెన్ గుర్తొచ్చాడు. వాడికి ఆ మంద్ర స్వరం నేర్పడానికి నాకు శీతాకాలమంతా పట్టింది.

“లేదండీ. వెళ్తే మళ్లీ పాడిస్తాను” అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. భయం పోలేదు. అయినా అక్కా, అంత హాయిగా నేను ఏ కచేరీలోనూ లేను.

ఆ జడల మాట రాసినందుకు తిట్టుకుంటున్నాను. నువ్వు వేసిన జడ సాయంత్రం దాకా ఒక్క పోగు కూడా ఊడేది కాదు.

ఇక ఈ నగరంలో నివాసమున్న నీ చెల్లెలు,
స్తేఫా

*

హ్రోద్నా,
ఆగస్టు 22

నా బంగారు స్తేఫా,

కాజిక్ సంచి ఇచ్చేటప్పుడే పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు, వెధవ, నాకంటే ముందే తెలిసినట్టుంది. మెట్ల మీదే కూర్చుని చదివాను. తర్వాత మూడో అంతస్తుకి వెళ్లి లూత్సినాకి చదివి వినిపించాను. ఆవిడకి చదవాలా వద్దా అని గుమ్మం దగ్గర చాలాసేపు తటపటాయించాను. కొడుకు జైల్లో ఉన్న మనిషి. విని, నా చేయి పట్టుకుని, “ఆ మంద్ర స్వరం మాట ఇంకోసారి చదవండి” అంది. ఇంకోసారి చదివాను. వాడికి ఉత్తరంలో రాస్తానంది, పేర్లు లేకుండా.

శనివారం సావిచ్ వచ్చాడు. బూట్లు విప్పబోయాడు. “విప్పకండి, లోపలికి రావక్కర్లేదు” అన్నాను. వంటింట్లో పెనం మీద అట్లు కాలుతున్నాయి, ఆ వాసన వరండా దాకా వస్తోంది. వాడి కళ్లు అటే ఉన్నాయి.

“మీ చెల్లెలు ఎప్పుడొస్తుందండీ?” అన్నాడు.

“రాదు. నేనే రావద్దన్నాను.”

“అదేమిటండీ, మీరే కదా కాగితం కోసం తిరిగారు? ఎవరేం చెప్పారు మీకు?”

“ఎవరూ చెప్పలేదు. నేను చూశాను” అన్నాను. “బస్టాండులో. గిన్నె పట్టుకుని తల్లి పరిగెత్తడం చూశాను, మీరు టోపీ ఎత్తడం చూశాను. మీరెందుకు వస్తున్నారో నాకు తెలుసు.”

చెప్పేశాక గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. అమ్మ సమాధిలో ఒక దొర్లు దొర్లి ఉంటుంది. “జాగ్రత్తండీ, ఈ వయసులో” అన్నాడు వాడు. “వయసు నాదే, నేను చూసుకుంటాను” అని తలుపు వేశాను. అట్లు ఒక వైపు మాడిపోయాయి. అయినా అన్నీ తినేశాను.

తర్వాత ఒక చోట కూర్చోలేకపోయాను. అలాంటప్పుడు నేను కిటికీలు తుడుస్తానని నీకు తెలుసు. రెక్కలు బార్లా తెరిచి, కుర్చీ ఎక్కి తుడవడం మొదలుపెట్టాను. కింద సావిచ్ కారు ఇంకా కదలలేదు. ఆవరణలో ఎప్పటి మనుషులే, బెంచీ మీద ముసలివాళ్లు, ఇసుకలో పిల్లలు. నా నోటికి అమ్మ లాలిపాట వచ్చింది. నేను రమ్మనలేదు స్తేఫా, అదే వచ్చింది. నా గొంతు నీకు తెలుసుగా, నూనె వేయని గేటు. చిన్నప్పుడు నన్ను పాడొద్దని బతిమాలేదానివి.

మొదటి చరణం నేనొక్కదాన్నే పాడాను. సావిచ్ కారు అద్దం దించి పైకి చూశాడు. చూడనీ. లాలిపాటకి శిక్ష ఇంకా రాసినట్టు లేరు, రాసేదాకా పాడదామనుకున్నాను. రెండో చరణం ఎత్తుకోగానే పై అంతస్తులో కిటికీ తెరుచుకుంది. లూత్సినా. నువ్వు నేర్పిన రెండో స్వరం. తర్వాత ఎదురు బిల్డింగులో ఇంకో కిటికీ, ఆ పక్కన ఇంకోటి. ఎవరు ఏ కిటికీయో నేను లెక్కపెట్టలేదు, నాకు కళ్లు మసకబారాయి. ఎవరూ చెయ్యి ఊపలేదు, ఎవరూ మధ్యలో నిలబడలేదు. అయినా నువ్వు ఎక్కడ అందుకోమని నేర్పావో సరిగ్గా అక్కడే అందుకున్నారు. ఆర్సెన్ పాడే చోట మాత్రం అందరూ ఆగి, ఆ ఖాళీని అలాగే వదిలి, తర్వాత మాట ఎత్తుకున్నారు.

పాట అయ్యాక కారు వెళ్లిపోయింది. మళ్లీ వస్తుందేమో, నాకు తెలీదు. అందుకే నా గుడ్డలు సర్ది ఉంచాను, నీ గదిలో ఇంకో మంచం పడుతుందేమో కొలిచి చూడు. బుల్బాని మాత్రం ఇప్పుడే కాజిక్ బస్సులో బుట్టలో పెట్టి పంపుతున్నాను. దారి పొడుగునా అరుస్తుంది, పట్టించుకోవద్దని వాడికి చెప్పాను.

ఇంతకీ నిన్న హౌసింగ్ కమిటీ ఆవిడ మెట్ల దగ్గర నన్ను ఆపి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “శనివారం ఆ పాట ఎవరండీ మొదలుపెట్టింది?” అని అడిగింది.

“నేనే” అన్నాను.

నీ అక్క,
యాద్విగా